పాత పోలీసులను మొత్తం తీసేయాలా, ఉంచాలా? కొసావోలో ఏడాది పనిచేసిన ఒక రిటైర్డ్ డీఎస్పీ సమాధానం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. అంతర్యుద్ధం అయిపోయిన దేశంలో పాత పోలీసులను అందరినీ ఇంటికి పంపి కొత్తవాళ్లను తీసుకోవాలా, లేక ఉన్నవాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి నడిపించాలా, అసలు ఈ పనికి ఎన్నాళ్లు పడుతుంది అని. అశోక్‌నగర్‌లో ఉండి చదువుకుంటున్నానని, కోచింగ్‌లో సార్ "మంచి ట్రైనింగ్ ఇస్తే సగం సమస్య తీరినట్టే" అన్నారని కూడా రాశావు. నేను ఎస్సైగా చేరి డీఎస్పీగా రిటైరయ్యాను, మధ్యలో ఐక్యరాజ్యసమితి పోలీసుగా యూరప్‌లోని కొసావోలో ఏడాది డిప్యుటేషన్ చేశాను. కాబట్టి కొంత చూసింది, కొంత చదివింది కలిపి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మీ సార్ మాటతో నేను ఒప్పుకోను. ట్రైనింగ్ కావాలి, కానీ అది వరసలో బాగా వెనక వస్తుంది. కానిస్టేబుల్ జీతం ఎవరి చేతి మీదుగా వస్తోంది, అతని పోస్టింగ్ ఎవరి నోటిమాట మీద ఆధారపడి ఉంది, అతను ఎవరినైనా కొడితే ఆ దెబ్బలు తిన్న మనిషి ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలి. ఈ మూడూ పాత పద్ధతిలోనే ఉంచి మానవ హక్కుల మీద ఆరు వారాల క్లాసు చెప్పిస్తే, ఆ కుర్రాడు ఏడో వారంలో స్టేషన్‌కి వెళ్లి అక్కడి హెడ్ కానిస్టేబుల్ ఏం చేస్తే అదే చేస్తాడు. నేను కూడా అలాగే చేశాను, మొదటి రెండేళ్లు.

ముందు "అందరినీ తీసేయడం" గురించి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఇరాక్, అది చెప్పాల్సిందే కూడా. 2003 మే 23న అమెరికా తరఫున అక్కడ పాలన చూస్తున్న పాల్ బ్రెమర్ రెండో నంబరు ఉత్తర్వు ఇచ్చి ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. ఒక్క సంతకంతో లక్షలమంది ఆయుధం పట్టడం తెలిసిన మగవాళ్లు జీతం లేకుండా రోడ్డున పడ్డారు. వాళ్లు వీధుల్లోకి వచ్చి గొడవ చేశాక, నెల రోజులకు, కొంత భృతి ఇస్తామన్నారు, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ అధికారుల్లో కొందరు తిరుగుబాటు దళాల్లో చేరారు, పదేళ్ల తర్వాత ఐసిస్‌లో కమాండర్లుగా తేలినవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం పోయినా ఇంట్లో తుపాకీ ఉంది, చేతిలో పనితనం ఉంది, మనసులో అవమానం ఉంది. ఈ మూడూ ఉన్న మనిషిని ఖాళీగా కూర్చోబెట్టకూడదు.

కానీ దీనికి ఇరాక్ దాకా ఎందుకు, మన హైదరాబాద్ సంగతే చూడు. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యకు "పోలీస్ యాక్షన్" అని పేరు పెట్టారు, ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి మిలటరీ గవర్నర్‌గా కూర్చున్నాడు. రజాకార్ల దళాన్ని రద్దు చేశారు, నిజాం సైన్యాన్నీ విడగొట్టారు, వేలమంది సిపాయిలకు బతుకుతెరువు పోయింది. పాత యంత్రాంగాన్ని నమ్మలేక మద్రాసు, బొంబాయి వైపుల నుంచి అధికారులను, పోలీసులను తెచ్చి నింపారు. ఆ రోజుల్లో ఆ భయానికి కారణాలున్నాయి, కాదనను, రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన ఘోరాలు మా తాతలు కళ్లారా చూసినవే. అయితే బయటినుంచి వచ్చిన వాళ్లకు ఇక్కడి ఉర్దూ రాదు, తెలంగాణ యాస అర్థం కాదు, ఊరి సంగతి తెలియదు, ఇక్కడి చదువుకున్న పిల్లలకేమో ఉద్యోగాలు లేవు. నాలుగేళ్లలో అది ముల్కీ (అంటే స్థానికుల) ఉద్యమమై బయటపడింది, "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్న నినాదంతో. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయారు, దాని మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిగింది. కాల్పులకు కారణం ఇదొక్కటే అని నేను అనను. కానీ ఎవరి వీధిలో కాపలా కాస్తున్నారో ఆ వీధివాళ్ల భాష రాని పోలీసు తుపాకీ పట్టుకుని నిలబడితే మాటకు ముందు తూటా వస్తుంది. హైకోర్టు వైపు వెళ్లినప్పుడు ఆ కాలేజీ గేటు ముందు ఒకసారి ఆగి చూడు.

మరి అందరినీ ఉంచేయాలా అంటే, అదీ కాదు. ఎవరిని ఉంచాలో ఒక్కొక్కరి ఫైలు తెరిచి చూడాలి. ఇది విసుగు పుట్టించే పని, టీవీలో చూపించేది కాదు, కానీ అసలు పని ఇదే. సెర్బులు, క్రొయాట్లు, బోస్నియాకులు అనే మూడు జాతులు కొట్టుకున్న బోస్నియాలో యుద్ధం ముగిసేసరికి యూనిఫాం వేసుకున్నవాళ్లు 40 వేలకు పైగా ఉన్నారు, వాళ్లలో చాలామంది నిన్నటిదాకా యుద్ధం చేసినవాళ్లే. ఐక్యరాజ్యసమితి పోలీసులు వాళ్లను ఒక్కొక్కరినే పరీక్షించి, సంఖ్యను సగం కంటే కిందికి దించారు. ఎవరు ఎక్కడ పనిచేశారు, యుద్ధకాలంలో ఏ క్యాంపు దగ్గర డ్యూటీ, వేరే జాతివాళ్ల ఇంట్లో ఆక్రమించి కూర్చున్నాడా, ఇలా. ఈ చివరి ప్రశ్న నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. పారిపోయిన మనిషి ఇంట్లో పోలీసే కాపురం పెడితే, ఆ ఇంటిమనిషి తిరిగొచ్చి ఏ స్టేషన్‌లో కంప్లయింట్ ఇస్తాడు? అయితే అక్కడ ఒక పెద్ద పొరపాటు కూడా చేశారు. అనర్హుడని తేల్చినవాడికి తన మాట చెప్పుకునే సరైన అప్పీలు దారి పెట్టలేదు. దాంతో ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచి 2007లో భద్రతా మండలి దాకా వెళ్లింది. చార్జి మెమో ఇచ్చి, వివరణ తీసుకుని, అప్పుడు శిక్ష వేయడం అనేది పోలీసుకీ వర్తించాలి. అది కూడా లేకుండా తీసేస్తే, తీసేసినవాళ్లలో దోషులెవరో నిర్దోషులెవరో ఎప్పటికీ తేలదు.

బోస్నియా గురించే ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇది పోలీసు సంస్కరణ పుస్తకాల్లో ఓ మూలన ఉంటుంది కానీ నా లెక్కలో పెద్ద విషయం. యుద్ధం తర్వాత ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం కారు నంబరు ప్లేటు ఉండేది. ప్లేటు చూడగానే నువ్వు సెర్బువా, క్రొయాటువా, బోస్నియాకువా తెలిసిపోయేది, నాకాబందీలో నిలబడ్డ పోలీసు ఆపి దింపేవాడు, డబ్బులు గుంజేవాడు, కొట్టేవాడు. ఎన్ని క్లాసులు చెప్పినా ఇది ఆగలేదు. 1998లో దేశమంతటికీ ఒకే ప్లేటు పెట్టారు. దాని మీద లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా కనిపించే అక్షరాలు మాత్రమే వాడారు, ఊరి పేరు లేదు. అంతే, రోడ్డు మీద కారు చూసి ఎవరిదో చెప్పే అవకాశమే పోయింది, జనం అటూ ఇటూ తిరగడం మొదలైంది. పోలీసు మనసు మారే దాకా ఆగలేదు వాళ్లు, ముందు అతని చేతికి దొరికే అవకాశాన్ని తీసేశారు. మనసు మార్చడం కష్టం తమ్ముడూ, నలభై ఏళ్ల హెడ్ కానిస్టేబుల్ మనసైతే మరీ కష్టం.

ఇక ఉత్తర ఐర్లండ్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ పోలీసు మనకు వరసకు దగ్గరి చుట్టం. 1857 తిరుగుబాటు తర్వాత మళ్లీ అలాంటిది లేవకూడదని బ్రిటిష్ వాళ్లు 1861లో మన పోలీసు చట్టం చేశారు. దానికి నమూనా లండన్ పోలీసు కాదు, ఐర్లండ్‌లో రైతుల తిరుగుబాట్లను అణచడానికి పెట్టిన సాయుధ కాన్‌స్టాబ్యులరీ. అంటే మన పోలీసు వ్యవస్థే ఒక యుద్ధం అయిపోయాక, గెలిచినవాడు ఓడినవాడి మీద నిఘాకు పెట్టుకున్న వ్యవస్థ. ఆ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ వారసత్వంగా 1922లో ఉత్తర ఐర్లండ్‌లో రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ వచ్చింది. అక్కడ ఐర్లండ్‌లో కలవాలనే క్యాథలిక్కులకూ, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లకూ ఏళ్ల తరబడి గొడవలు నడిచాయి. వాటిని ముగించిన 1998 శాంతి ఒప్పందం నాటికి అక్కడ జనాభాలో నూటికి నలభైమందికి పైగా క్యాథలిక్కులు, పోలీసుల్లో నూటికి ఎనిమిది మందే.

ఆ పోలీసును ఎలా మార్చాలో చెప్పడానికి వేసిన క్రిస్ ప్యాటెన్ కమిషన్ 1999 సెప్టెంబరులో 175 సిఫార్సులతో రిపోర్టు ఇచ్చింది. పాతవాళ్లను తరిమేయలేదు. సీనియర్లకు మంచి ప్యాకేజీ ఇచ్చి గౌరవంగా రిటైర్ చేశారు, ఖాళీ అయిన చోట పదేళ్లపాటు కొత్త నియామకాల్లో సగం క్యాథలిక్కులు, సగం మిగతావాళ్లు అని చట్టం చేశారు. 2001 నవంబరులో పేరు మార్చారు, "రాయల్", "కాన్‌స్టాబ్యులరీ" అన్న మాటలు తీసి "పోలీస్ సర్వీస్" అని పెట్టారు, టోపీ మీద పాత గుర్తు బదులు అందరి గుర్తులూ కలిపి ఆరు బొమ్మలు వేశారు. ఇందులో బాధ కూడా ఉంది. ఆ గొడవల్లో 300 మందికి పైగా పోలీసులు చనిపోయారు, ఆ భార్యలకు, పిల్లలకు పాత పేరు పోవడం అంటే తమవాళ్ల చావును తుడిచేసినట్టు అనిపించింది. బాంబుల్లో పోయిన బ్యాచ్‌మేట్ల ఫొటోలు మా స్టేషన్ల గోడల మీదా ఉన్నాయి కాబట్టి ఆ బాధ నాకు అర్థమవుతుంది, అయినా పేరు మార్చడం సరైన పనే అంటాను. కానీ పేరు, టోపీ కంటే గట్టిగా పనిచేసినవి వేరు. పోలీసు మీద ఫిర్యాదు వస్తే పోలీసు కాని స్వతంత్ర అంబుడ్స్‌మన్ ఆఫీసు సొంత దర్యాప్తు అధికారులతో విచారించడం ఒకటి. రెండోది, 175 సిఫార్సుల్లో ఏది ఎంతవరకు అమలైందో ఏళ్ల తరబడి లెక్క చూసి బహిరంగంగా రిపోర్టు ఇవ్వడానికి బయటి దేశం నుంచి ఒక అధికారిని పెట్టడం. మన దగ్గర 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ ఎనిమిది రిపోర్టులు ఇచ్చింది, 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది, కనీసం రెండేళ్ల పదవీకాలం, జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అథారిటీ అన్నీ అందులో ఉన్నాయి. రాసినవాళ్లకు లోటు లేదు. అమలు లెక్క చూసేవాడు లేడు. హైదరాబాద్ కమిషనర్ ఈరోజుకీ 1348 ఫస్లీ నాటి సిటీ పోలీసు చట్టం కింద ఉత్తర్వులు ఇస్తున్నారంటే నువ్వే ఆలోచించు, అది నిజాం కాలం చట్టం.

జీతం సంగతి. అఫ్ఘానిస్తాన్‌లో 2009లో వార్దక్ ప్రాంతంలో కొద్దిమంది పోలీసులకు జీతం నగదుగా కాకుండా మొబైల్ ఫోన్‌కి పంపి చూశారు. ఆ నెల చాలామంది తమకు జీతం పెరిగిందనుకున్నారట, దాదాపు మూడో వంతు ఎక్కువ కనిపించింది. పెరగలేదు, అసలు జీతమే అంత. ఇన్నాళ్లూ పై అధికారులు మధ్యలో కోసుకుని మిగిలింది చేతిలో పెట్టేవారు. తన జీతంలోంచి అధికారి దోచుకుంటుంటే ఆ కానిస్టేబుల్ రోడ్డు మీద లారీవాడి దగ్గర దోచుకోకుండా ఎలా ఉంటాడు? కోట్ల డాలర్ల ట్రైనింగ్ పక్కన ఈ చిన్న మార్పు పెట్టి చూడు. ఆ పద్ధతి దేశమంతా పాకలేదు, లేని మనుషుల పేర్లు హాజరు పట్టీల్లో ఉంచి జీతాలు తినడం చివరిదాకా నడిచింది, 2021 ఆగస్టులో ఆ దళాలన్నీ రోజుల్లో కూలిపోయాయి. కూలడానికి ఇంకా చాలా కారణాలున్నాయి, కానీ కాగితం మీద ఉన్న సిపాయి యుద్ధం చేయడు కదా.

ఇప్పుడు నా అనుభవం. సెర్బులకూ అల్బేనియన్లకూ యుద్ధం జరిగిన కొసావోలో 1999 తర్వాత పాత సెర్బు పోలీసులు వెళ్లిపోయారు, కొత్త సర్వీసును సున్నా నుంచి కట్టారు. వుచిత్రన్ ఊళ్లో పోలీసు స్కూలు పెట్టి కొన్ని వారాల కోర్సు చేయించి, తర్వాత మాలాంటి విదేశీ పోలీసుల వెంట ఫీల్డులోకి పంపేవాళ్లు. అల్బేనియన్లు, సెర్బులు, ఆడపిల్లలు ఒకే క్లాసులో కూర్చునేవారు. నిన్నటిదాకా గెరిల్లా దళంలో ఉన్నవాళ్లూ చాలామంది ఉండేవాళ్లు.

నా వెంట ఇచ్చిన కుర్రాడు అల్బేనియన్, ఇరవై మూడేళ్లు ఉంటాయి, సెర్బియన్ భాష బాగా వచ్చు. ఒక పల్లెలో ముసలావిడ ఆవు పోయిందని తెలిసి వెళ్లాం. సెర్బు ఇల్లు. వాణ్ణి చూడగానే తలుపు సగం మూసేసింది, నాతోనే మాట్లాడతానంది, నాకేమో ఆవిడ భాష ఒక్క ముక్క రాదు. మంచులో అరగంట నిలబడ్డాం. చివరికి గుమ్మం బయటే నిలబడి చెప్పింది, వాడు రాసుకున్నాడు. రాసినదంతా ఆమెకు తిరిగి చదివి వినిపించమన్నాను, మా ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి) ఒకాయన నాకు నేర్పిన అలవాటు అది. వాడు చదువుతుంటే ఆమె మధ్యలో ఆపి, ఆవు రంగు తప్పు రాశావని కోప్పడింది. వాడు కొట్టేసి సరిచేశాడు. అప్పుడు సంతకం పెట్టింది, నకలు ఇచ్చాం, మడిచి జేబులో పెట్టుకుంది. ఆవు దొరకలేదు. కానీ రెండు వారాల తర్వాత పక్కింటివాళ్లు స్టేషన్‌కి వచ్చి వాణ్ణే పేరు పెట్టి అడిగారు, మా కట్టెలు పోయాయి, ఆ కుర్రాడు రాసుకుంటాడా అని. ఆ కోర్సులో వాడికి ఎన్ని చెప్పారో నాకు తెలియదు, ఆ ఊళ్లో వాడు పోలీసైంది మాత్రం ఆ దిద్దుబాటు దగ్గరే.

తర్వాత ఇక్కడికి తిరిగొచ్చాక ఒక స్టేషన్‌లో, పేరు చెప్పను, ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉన్నా, రైటర్ దానికి డబ్బులు అడుగుతుంటే నేనే చూశాను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 154వ సెక్షన్‌లో ఉంది, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173లోనూ ఉంది. యుద్ధం జరిగిన దేశంలో ఒక ముసలావిడ గుమ్మం దగ్గర మేం చేసిన పని మనం శాంతిగా ఉన్న ఊళ్లో చేయలేకపోతున్నాం, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1990 డిసెంబరు అల్లర్లప్పుడు పాతబస్తీ పికెట్‌లో ఉన్నాను. కర్ఫ్యూ సడలించిన గంటలో పాలు కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను పేరడగలేదు, మతం అడగలేదు, "కౌన్సే ఠాణే కే హో బేటా?" (ఏ స్టేషన్ వాడివి బాబూ?) అంది. ఫలానా స్టేషన్ అని చెప్పాక నిమ్మళంగా ముందుకు నడిచింది. అప్పుడు తట్టలేదు, కొసావోలో ఉన్నప్పుడు తట్టింది ఆమె ఏమడిగిందో. నువ్వు రేపు ఇక్కడ ఉంటావా, నిన్ను పట్టుకుని అడగడానికి ఒక చోటు ఉందా అని.

ఆడవాళ్ల గురించి ఒక్క మాట. అంతర్యుద్ధం నుంచి బయటపడిన ఆఫ్రికా దేశం లైబీరియాకు 2007 జనవరిలో మన సీఆర్‌పీఎఫ్ ఆడపిల్లల దళం వెళ్లింది, ఐక్యరాజ్యసమితి చరిత్రలో మొట్టమొదటి పూర్తి మహిళా పోలీసు యూనిట్ అది, 2016 దాకా వంతులవారీగా ఉన్నారు. అధ్యక్షురాలి ఆఫీసు దగ్గర కాపలా, మన్రోవియాలో రాత్రి గస్తీ. వాళ్లను రోజూ చూసి అక్కడి ఆడపిల్లలు పోలీసు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టారు. యుద్ధంలో తుపాకీ పట్టిన మగవాడి చేతిలో నలిగిపోయిన ఆడమనిషి మళ్లీ ఒక మగవాడి ముందు కూర్చుని జరిగింది చెప్పాలంటే ఎలా చెప్తుంది, కాబట్టి ఇది అలంకారం కోసం చేసే పని కాదు.

సైన్యానికి, పోలీసుకి మధ్య గీత కూడా ముందే గీసుకోవాలి. ఇండోనేషియా పాలన నుంచి బయటపడిన తూర్పు తిమోర్‌లో సైన్యం పాత గెరిల్లాల నుంచి వచ్చింది, పోలీసుల్లో చాలామంది ఇండోనేషియా కాలంలో పనిచేసినవాళ్లు, ఒక్కో దళం వెనక ఒక్కో నాయకుడు. 2006లో దాదాపు 600 మంది సైనికులను ఉద్యోగాల్లోంచి తీసేయడంతో నిప్పంటుకుంది. మే 25న, ఐక్యరాజ్యసమితి వాళ్ల రక్షణలో ఆయుధాలు వదిలి నడిచి వెళ్తున్న పోలీసుల మీద సైనికులే కాల్చారు. లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. హోంమంత్రిగా ఉన్న రొజేరియో లొబాటో పౌరులకు ఆయుధాలు పంచాడని తర్వాత జైలు శిక్ష పడింది. పోలీసులకు ట్రైనింగ్ అక్కడ ఐక్యరాజ్యసమితి స్వయంగా ఇచ్చింది, గుర్తుపెట్టుకో. పోస్టింగ్ నాయకుడి చేతిలో ఉన్నంతకాలం ఆ ట్రైనింగ్ అక్కరకు రాలేదు.

ఎన్నాళ్లు పడుతుంది అన్నావు. మళ్లీ ఉత్తర ఐర్లండ్‌కే వస్తాను, తేదీలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి. రిపోర్టు 1999. అక్కడి క్యాథలిక్కుల్లో బలంగా ఉన్న గేలిక్ (ఐరిష్ సంప్రదాయ) ఆటల సంఘం పోలీసులను సభ్యులుగా చేర్చుకోకూడదన్న తన పాత నియమాన్ని 2001 నవంబరులో ఎత్తేసింది. ఐర్లండ్‌లో కలవాలనే షిన్ ఫెయిన్ పార్టీ ఆ పోలీసును ఒప్పుకున్నది 2007 జనవరిలో. 2011 ఏప్రిల్లో ఓమా ఊళ్లో ఒక క్యాథలిక్ కుర్రాణ్ణి, అప్పుడప్పుడే కానిస్టేబుల్ అయినవాణ్ణి, పోలీసులో చేరాడన్న కోపంతో కారు కింద బాంబు పెట్టి చంపారు. పదేళ్ల ముందు పోలీసును మైదానంలోకి రానివ్వని ఆ ఆటల సంఘంవాళ్లు, యూనిఫాంలో ఉన్న పోలీసులు, ఇద్దరూ వంతులు మార్చుకుంటూ అతని శవపేటికను భుజాల మీద మోశారు. సగం సగం నియామకాల చట్టం గడువు సరిగ్గా ఆ వారమే ముగిసింది, అప్పటికి క్యాథలిక్కులు నూటికి ముప్ఫై మంది దాకా వచ్చారు, ఆ తర్వాత ఆ అంకె పెద్దగా కదలలేదు.